ఉమ్రావ్ బేగం కట్టిన అట్టల ఇల్లు

బెల్లంపల్లిలో పాత కాంటా వెనుక సందులో ఇనాయతుల్లాకు చిత్తు కాగితాల దుకాణం ఉంది. పాత పేపర్లు, అట్టపెట్టెలు, ఇనుప ముక్కలు కొని, మూటలు కట్టి, లారీ వచ్చినప్పుడు ఎక్కించి పంపడం ఆయన పని. దుకాణం వెనకాలే ఇల్లు. రెంటికీ మధ్య ఒక పూల పరదా. పరదాకు ఇవతల ఆయన మాట చెల్లుతుంది, అవతల ఆయన భార్య ఉమ్రావ్ బేగం మాట.

ఇద్దరికీ ఒక్క విషయంలోనే పడేది కాదు. కాగితమంటే ఆయనకు బరువు. కాంటా మీద పెట్టి చూసేదాకా దానికో విలువుందని ఆయన అనుకోడు. ఆమెకు అలా కాదు. మందం ఎంత, మడిస్తే పగులుతుందా, తడిస్తే రంగు వదులుతుందా అని వేలితో తడిమి చూడందే ఏ కాగితాన్నీ వదలదు. దుకాణంలోకి ఒక మంచి అట్టపెట్టె వచ్చిందంటే సాయంత్రానికల్లా అది పరదా దాటి లోపలికి పోయేది. రెండు రోజుల తర్వాత గాజుల పెట్టెగానో, మనవరాలు ఇఖ్రాకు బొమ్మరిల్లుగానో బయటికి వచ్చేది. ఇనాయతుల్లా కాసేపు గొణిగేవాడు. తర్వాత ఆ పెట్టెలోనే తన కళ్లద్దాలు దాచుకునేవాడు.

ఆమెది ఉట్నూర్. జీపులు ఆగే చోట ఆమె తండ్రికి చిన్న దుకాణం ఉండేది. కాగితపు పూలు, పతంగులు, పెళ్లికొడుకు నుదుట కట్టే సెహ్రాలు, పీర్ల పండుగకు జెండాలు, పంద్రాగస్టుకు బడి తోరణాలు, ఎవరి పండుగ వస్తే వాళ్ల కాగితం కత్తిరించేవాడు. దండారి ఆటకు ముందు గూడేల నుంచి గోండులు వచ్చి మెరుపు కాగితం కొనుక్కుపోయేవాళ్లు. ఆడపిల్లకు కత్తెరెందుకని ఎవరన్నా అంటే ఆయన నవ్వి, కూతురి ముందుకు ఇంకో కాగితం జరిపేవాడు.

పెళ్లై బెల్లంపల్లికి వచ్చిన కొత్తలో ఆమెకు చేతినిండా పని ఉండేది. అప్పటికింకా గనులు జోరుగా నడుస్తున్నాయి. షిఫ్టు సైరన్ మోగిందంటే బజారు నిండిపోయేది. వినాయకుని మంటపాలకు, యూనియన్ సభలకు, బతుకమ్మలకు, మిలాద్ జులూసు ఊరేగింపుకు, అన్నిటికీ ఆ సందులోంచే తోరణాలు వెళ్లేవి. తర్వాత ప్లాస్టిక్ తోరణాలు వచ్చాయి. ఫ్లెక్సీలు వచ్చాయి. గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. అడిగేవాళ్లు తగ్గిపోయారు. ఉమ్రావ్ బేగం మాత్రం కత్తెర పక్కన పెట్టలేదు. కాఫీకి పిలిచిన ఇంట్లో కూర్చుని మాట్లాడుతూనే బిస్కెట్ పొట్లం కాగితంతో ఒక పువ్వు చేసి అక్కడే మరిచిపోయి వచ్చేది.

పోయినేడాది నవంబరు మొదట్లో మమతారాణి ఆ దుకాణానికి వచ్చింది. ఆమె ఒక ప్రైవేటు బడిలో టీచరు. బస్తీలోని చర్చిలో ఆదివారంనాడు పిల్లలకు బైబిల్ కథలు చెబుతుంది. ఫ్రిజ్‌లు, కూలర్లు వచ్చే పెద్ద పెట్టెలు కావాలని అడిగింది. ఎందుకని ఇనాయతుల్లా అడగలేదు. ఎన్ని కిలోలు కావాలని మాత్రమే అడిగాడు. పరదా వెనక నుంచి ఉమ్రావ్ బేగం చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎందుకో చెప్పమంది.

మమతారాణి అక్కడే ఇనుప స్టూలు మీద కూర్చుని చెప్పింది. క్రిస్మస్‌కు ముందు ఎదురుచూపుల రోజులుంటాయి. వాటిని ఆగమన కాలం అంటారు. డిసెంబరు ఒకటి నుంచి రోజుకొక కిటికీ తెరిచే అట్ట క్యాలెండర్లు కొన్ని చోట్ల చేస్తారట. కిటికీ వెనక ఏ బొమ్మ ఉందో తెరిచేదాకా ఎవరికీ తెలియకూడదు. చివరి కిటికీ పండుగ ముందు రోజున తెరుస్తారు. పిల్లలు ఫోన్‌లో అది చూశారు. అప్పటి నుంచి తమకూ కావాలని తన కొంగు పట్టుకుని వదలడం లేదు. అయితే తను ప్రయత్నించిన రెండుసార్లూ అట్ట ఒరిగి కింద పడిపోయింది.

ఉమ్రావ్ బేగం విని అడిగింది.

“ఈద్ చాంద్ కోసం మేం మిద్దెక్కి చూస్తం గదా, గట్లాంటిదేనా?”

“గట్లనే చాచీ. గని మేం నెలంత చూస్తం.”

“అయితే గది చిన్నగ చేస్తే ఎట్ల? నిలువెత్తు ఉండాలె,” అంది ఉమ్రావ్ బేగం.

ఆ మాటతో దుకాణంలో ఉన్న అన్నిటికంటే పెద్ద పెట్టెలు మూడు పరదా దాటి లోపలికి పోయాయి. ఇనాయతుల్లా వాటిని కాంటా మీద పెట్టబోయి, భార్య ముఖం చూసి మానుకున్నాడు.

యేసు పుట్టిన బేత్లెహేము ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు. తెలియనిది కట్టడం ఇష్టం లేక, తెలిసిన ఇళ్లే కట్టడానికి పూనుకుంది. బొగ్గు గని కార్మికుల పాత క్వార్టర్లు, పెంకుల కప్పు, పసుపు కలిపిన సున్నం, ఒకదాన్ని ఆనుకుని ఒకటిగా వరుస ఇళ్లు. పెట్టెలను విప్పి, మూడు రెక్కల తెరలాగా మడత పడేట్టు కలిపి కుట్టింది. అలాగైతే దన్ను లేకుండానే నిలబడుతుంది. మైదాపిండి ఉడికించి లై చేసింది. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసింది. కప్పు మీద పెంకుల కోసం గోధుమరంగు కాగితాన్ని చేప పొలుసుల్లా కత్తిరించి వరుసలు వరుసలుగా అతికింది. గోడల్లో ఇరవై నాలుగు కిటికీలు. ఒక్కో కిటికీ వెనక నల్లని అట్టలో కోసిన బొమ్మ, దాని వెనక రంగుల పతంగి కాగితం, ఆ వెనక దీపం. రెక్క తెరవగానే బొమ్మ వెలగాలి. అదీ ఆమె ఆలోచన.

దీపాల పని లక్ష్మీరాజం ఒప్పుకున్నాడు. ఆయన చర్చి పెద్ద. గనిలో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. వచ్చి చూసి, మామూలు బల్బులైతే అట్ట అంటుకుంటుందని, వేడి పుట్టని చిన్న ఎల్‌ఈడీలు తెస్తానని చెప్పాడు. తర్వాత ఆ పెంకుల కప్పును చేత్తో నిమిరి, ఇది తను పుట్టిన ఇల్లేనని అన్నాడు. ఆ క్వార్టర్లను ఎప్పుడో కూలగొట్టేశారు.

ఇక ఏ కిటికీలో ఏ బొమ్మ పెట్టాలి? మమతారాణి గొర్రెల కాపరులు, జ్ఞానులు, దేవదూతలు అని చెప్పుకుపోయింది. అవి చివరి కిటికీల్లో ఉంచుదామని, ముందు కిటికీల్లో ఇంకొకటి చేద్దామని ఉమ్రావ్ బేగం అంది.

“బిడ్డ పుట్టే రాత్రి ఊరంత పండుకోదు. కొందరు మేలుకోనే ఉంటరు. గాళ్లందరిని పెడదాం. చాయ్ కాసేటోడు, రైలు నడిపేటోడు, నైట్ షిఫ్టుకు పోయేటోడు, కాన్పు చేసేటామె.”

మమతారాణికి అది ఎంతగానో నచ్చింది. వచ్చే ఆదివారం పిల్లలకు ఇదే చెబుతానంది. ఒక్క విషయం దగ్గర మాత్రం ఉమ్రావ్ బేగం ఆగింది. యేసును ఈసా పైగంబర్ అని తామూ నమ్ముతామని, అయితే పైగంబర్ల ముఖాలు బొమ్మలుగా చెయ్యరని చెప్పింది. చివరి కిటికీలో ఏం చెయ్యాలో తెలియడం లేదంది. మమతారాణి ఆమె చెయ్యి పట్టుకుని, ముఖం అక్కర్లేదని, ఊయల ఒక్కటి ఉంటే ఎవరికోసమో అందరికీ తెలుస్తుందని అంది.

పని మొదలైంది. తెల్లారకముందే మెడ చాచిన కోడిపుంజు అయింది. బజారులోని అంతయ్య హోటల్ చాయ్ కెటిల్ అయింది. రైలింజను సగమైంది. అప్పుడు, నవంబరు నడిమధ్యలో, పై అరలో ఉన్న నల్ల అట్ట కోసం స్టూలు ఎక్కి ఉమ్రావ్ బేగం కింద పడింది. కుడి మణికట్టు విరిగింది. దవాఖానలో పట్టీ వేసి, డిసెంబరు మూడో వారం దాకా ఆ చెయ్యి కదపవద్దని చెప్పారు.

మమతారాణి పరుగున వచ్చింది. మూసంబీలు తెచ్చింది. చెయ్యి నయమైతే అదే చాలని, ఈ ఏడాదికి చర్చిలో పాత సీరియల్ లైట్లు వేలాడదీసుకుంటామని, వచ్చే ఏడాది చూసుకుందామని చెప్పింది. ఉమ్రావ్ బేగం సరేనంది. నవ్వుతూనే అంది. మమతారాణి వెళ్లాక మాత్రం గోడవైపు తిరిగి పడుకుంది.

సుల్తానాబాద్‌లో ఉండే కూతురు ఫర్హీన్ వచ్చి నాలుగు రోజులుండి వంట చేసిపెట్టి పోయింది. ఇంట్లో లోటేమీ లేదు. కానీ ఉమ్రావ్ బేగం సరిగ్గా తినడం లేదని ఇనాయతుల్లా గమనించాడు. అట్టల ఇల్లు గోడకు ఆనించి ఉంది. కిటికీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఆమె చాయ్ తాగుతూ దాన్నే చూస్తుంది. నమాజు అయ్యాక కూడా దాన్నే చూస్తుంది. ఇన్నేళ్లలో ఆమె చెయ్యి ఊరికే ఉండగా ఆయన చూడలేదు. దుకాణంలో కూర్చున్నా పరదా అవతల కత్తెర చప్పుడు వినపడకపోయేసరికి ఆయనకు ఏ పనీ తోచలేదు.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన దుకాణంలోకి పోలేదు. చేతులు కడుక్కుని వచ్చి, చాప పరిచి, కత్తెర తీసుకుని కూర్చున్నాడు.

“ఏం కొయ్యాలె?”

“మీకు రాదు,” అంది ఆమె.

“రాదని నాకెర్కనే. ఏం కొయ్యాలెనో చెప్పు.”

తాడు లాగి లాగి మొద్దుబారిన వేళ్లు ఆయనవి. కత్తెర పిడిలో బొటనవేలు పట్టలేదు. పెద్ద కత్తెర తెచ్చుకున్నాడు. సగమైన రైలింజనును ఆమె ఆయన చేతిలో పెడితే ముందు చక్రం దగ్గరే తెగిపోయింది. ఇంకో అట్ట తీసుకున్నాడు. అదీ తెగింది. మూడోసారి ఆమె మంచం దిగి వచ్చి పక్కన కూర్చుంది. ఎడమ చేత్తో ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది.

“కత్తెర తిప్పకుండ్రి. అది ఉన్నకాన్నే ఉండాలె. కాగితం తిప్పుండ్రి, అదే వస్తది.”

ఆయన కాగితం తిప్పాడు. చక్రం గుండ్రంగా వచ్చింది. ఆ చక్రాన్ని చాలాసేపు వేళ్ల మధ్య పట్టుకుని చూసుకున్నాడు. యాభై ఏళ్లుగా తన చేతుల మీదుగా పోయిన కాగితమే అది. దాని లోపల ఒక చక్రం ఉందని ఆయనకు అప్పటిదాకా తోచలేదు.

ఆ రోజు నుంచి దుకాణం తీరు మారిపోయింది. ఎవరైనా పాత పేపర్లు తెస్తే ఇనాయతుల్లా తల ఎత్తకుండానే, కాంటా మీద వాళ్లనే పెట్టుకొమ్మని చెప్పేవాడు. ఒళ్లో అట్ట ముక్కలు, గడ్డంలో కాగితపు పొడి. పరదాను పక్కకు కట్టేశారు. ఆమె మంచం మీద నుంచి చెబుతుంటే ఆయన గడప దగ్గర కూర్చుని కోసేవాడు. వాళ్లింట్లో మాట ఉర్దూ, బయట తెలుగు. వాదన పెరిగితే రెండూ కలిసిపోయేవి. దారినపోయేవాళ్లు వినడానికే ఆగేవాళ్లు.

గొర్రె దగ్గర పెద్ద పేచీ వచ్చింది. ఆయన కోసి చూపిస్తే ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, ఇది గొర్రేనా అని అడిగింది.

“కుక్క,” అన్నాడు ఇనాయతుల్లా. “గొర్రెల మందకు కావలి కుక్క ఉండదా?”

“ఉంటది,” అని ఒప్పుకుంది ఆమె. కుక్క కిటికీలోకి పోయింది. రెండో గొర్రె మేకలా వచ్చింది. మందలో మేకలూ ఉంటాయని ఆయన అన్నాడు. మూడోది నిజంగానే గొర్రె అయింది. ఆయన దాన్ని లక్ష్మీరాజానికి, చాయ్ తెచ్చిన అంతయ్యకు, దుకాణానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చూపించాడు. ఒంటెకు మాత్రం పొరపాటున రెండు మూపురాలు వచ్చాయి. అలాంటివి కూడా లోకంలో ఉంటాయని ఆయన వాదిస్తుంటే ఉమ్రావ్ బేగం నవ్వీ నవ్వీ పట్టీ వేసిన చేతిని ఒడిలో పెట్టుకుని, నొప్పిగా ఉంది, ఇక ఆపమని బతిమాలింది. పడిన తర్వాత ఆమె అంతగా నవ్వడం అదే మొదలు. ఆ రాత్రి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నది.

నవంబరు చివరి రోజున అట్టల ఇంటిని ఆటో మీద కట్టి చర్చికి తీసుకుపోయారు. లక్ష్మీరాజం వెనక తీగలు బిగించాడు. మరునాడు సాయంత్రం చలికి ముసుగులు కప్పుకుని పిల్లలు వచ్చి చాపల మీద కూర్చున్నారు. లైట్లు ఆర్పారు. మొదటి కిటికీ రెక్క తెరుచుకోగానే ఎర్రటి వెలుగులో కోడిపుంజు మెడ చాచి నిలబడి ఉంది.  పిల్లల్లో ఒకడు కూత వేశాడు. అందరూ వేశారు. మమతారాణి పాట మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టింది.

రెండో రోజు చాయ్ కెటిల్ వెలిగింది. ఆ వార్త విని మూడో రోజు అంతయ్య హోటల్ మూసి మరీ వచ్చి, తన కెటిల్‌ను మళ్లీ తెరిపించి చూసుకుని పోయాడు. నాలుగో రోజుకు తల్లులు వచ్చారు. వారం తిరిగేసరికి ఆటోవాళ్లు, కూరగాయలమ్మే లింగవ్వ, మసీదు సందులోని పిల్లలు, ఎవరికి తీరితే వాళ్లు సాయంత్రం ఒకసారి చర్చి గడప దగ్గర నిలబడి ఏం వెలిగిందో చూసి వెళ్లేవాళ్లు. రోజంతా బజారులో ఈరోజు ఏముంటుందన్న మాటే. ఇనాయతుల్లాను అడిగితే తెలియదనేవాడు. ఆయనకు తెలుసని అందరికీ తెలుసు. చెప్పకుండా ఉండలేక పెదాలు బిగబట్టుకుని తిరిగేవాడు.

తలకు లైటు పెట్టుకుని నైట్ షిఫ్టుకు పోతున్న గని కార్మికుడు వెలిగిన రోజు లక్ష్మీరాజం తీగల దగ్గర నుంచి లేచి ముందుకు వచ్చాడు. ఆయన వెనక నుంచి పని చేసేవాడు కాబట్టి వెలిగిన బొమ్మలను ముందు వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. దగ్గరగా వంగి చూశాడు.

“గది నేనే,” అన్నాడు చివరికి, ఎవరితోనూ కాదు.

పిల్లలు నవ్వలేదు. ఒక అమ్మాయి ఆయన కూర్చోవడానికి పక్కకు జరిగింది.

ఉమ్రావ్ బేగం చలికి చెయ్యి లాగుతుందని రోజూ వచ్చేది కాదు. వెళ్లి చూసొచ్చిన భర్త చెబితే వినేది. పదిహేడో రోజు మాత్రం ఆయన శాలువా తెచ్చి ఇచ్చి, ఈరోజు రావాల్సిందేనన్నాడు. ఆ కిటికీలో ఏముందో ఆమెకు తెలుసు. బావి దగ్గర నీళ్లు తోడే మనిషి. తను చెప్పి కోయించిందే. అయినా ఆయన పట్టుబట్టాడని వెళ్లింది.

ఆ రోజు రెక్క తెరిచే వంతు నవ్యశ్రీ అనే చిన్నపిల్లది. తెరిచింది. బావి లేదు. పసుపు వెలుగులో ఒక ఆడమనిషి కూర్చుని ఉంది. తల మీద కొంగు. ఒక చెయ్యి మెడకు కట్టిన పట్టీలో ఉంది. ఇంకో చేతిలో కత్తెర. కత్తెర కిందుగా కాగితం ముక్కలు వాన చినుకుల్లా రాలుతున్నాయి. ఒక్కో చినుకు వెనక ఒక్కో రంగు.

“ఉమ్రావ్ దాదీ,” అంది నవ్యశ్రీ, వెనక్కి తిరిగి చూసి.

అందరూ తిరిగి చూశారు. ఉమ్రావ్ బేగం కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. మధ్యాహ్నాలు తను నిద్రపోయినప్పుడు ఆయన దుకాణంలో ఏం చేసేవాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. చుట్టూ పిల్లలు మూగి, పట్టీ వేసిన చేతిని తాకి చూస్తున్నారు. బొమ్మలో ఉన్నదీ ఇదే చెయ్యా అని అడుగుతున్నారు. ఇనాయతుల్లా చర్చి గుమ్మం బయట, చెప్పుల దగ్గర నిలబడి, ఎటో చూస్తున్నాడు.

ఇద్దరూ ఇంటికి నడిచి వస్తున్నారు. సందు మలుపు దగ్గర ఆమె అడిగింది.

“నా ముక్కు గంత పొడుగున్నదా?”

“కాగితం జరిగింది,” అన్నాడు ఆయన.

ఆమె ఎడమ చేత్తో ఆయన చొక్కా అంచు పట్టుకుంది. ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

పట్టీ తీశాక చెయ్యి సన్నబడి, కర్రలా బిగుసుకుపోయి కనిపించింది. వేళ్లు కదులుతున్నాయి గాని మణికట్టు తిరగడం లేదు. ఉడుకు నీళ్లలో పెట్టి మెల్లగా కదపమన్నారు. చివరి కిటికీ బొమ్మ ఇంకా చెయ్యలేదు. దాన్ని ఎవరితోనూ చేయించనని ఆమె మొదటి నుంచీ చెబుతూనే ఉంది. ఇరవై మూడో తేదీ పొద్దున్న ఎండ గడప మీదికి వచ్చాక, కత్తెర పట్టుకుని కూర్చుంది. పట్టు వచ్చింది. కొయ్యగలుగుతుంది. కానీ కుడి మణికట్టు వంగక కత్తెర అట్టకు సరిగ్గా ఆనడం లేదు, ఎడమ చెయ్యి ఒక్కటే అట్టను పట్టి ఉంచుతూ తిప్పలేకపోతోంది. రెండుసార్లు ప్రయత్నించి, కళ్లు మూసుకుని కూర్చుంది.

ఇనాయతుల్లా ఆమె ఎదురుగా వచ్చి చాప మీద కూర్చున్నాడు. అట్టను రెండు చేతులా పట్టుకున్నాడు. ఆమె కత్తెర కదిలించకుండా ఉంచి మూసింది, తెరిచింది. ఆయన తిప్పాడు. ఒక్క మాట కూడా అనుకోకుండానే వంపులు వచ్చాయి, మట్టలు వచ్చాయి, గెలలు వచ్చాయి. దుకాణం ముందు ఎవరో వచ్చి పిలిచారు. ఇద్దరిలో ఎవరూ పలకలేదు. వచ్చినవాళ్లు చూసి, తమ మూట అక్కడ పెట్టి వెళ్లిపోయారు.

మరునాటి సాయంత్రం చర్చిలో నిలబడడానికి చోటు లేదు. చివరి కిటికీ నేను తెరుస్తానంటే నేనని పిల్లలు తగువులాడితే మమతారాణి అందరికంటే చిన్నవాడైన చింటూను పిలిచింది. అది అన్నిటికంటే పైన, కప్పు కింద ఉంది. లక్ష్మీరాజం వాడిని ఎత్తుకున్నాడు. వాడు రెక్క లాగాడు.

ఆకుపచ్చ వెలుగులో ఒక ఖర్జూరపు చెట్టు. గెలలు కిందికి వంగి ఉన్నాయి. చెట్టు కొమ్మలాంటి మట్టకు చీరతో కట్టిన ఊయల వేలాడుతోంది, ఇక్కడి ఇళ్లల్లో దూలానికి కట్టినట్టే. ఊయల లోపల ఏ బొమ్మా లేదు. తెల్లటి పతంగి కాగితం ఒక్కటే ఉంది, అంతే. అక్కడి నుంచే అన్నిటికంటే ఎక్కువ వెలుగు వస్తోంది.

ఖర్జూరపు చెట్టు ఎందుకని పిల్లలు అడిగారు. మమతారాణి ఉమ్రావ్ బేగంను చెప్పమంది. పదిమందిలో మాట్లాడడం ఆమెకు అలవాటు లేదు. కూర్చున్న చోటు నుంచే చెప్పింది. తమ ఖురాన్‌లో మరియమ్మ నొప్పులతో ఒంటరిగా ఖర్జూరపు చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చుంటుంది. దుఃఖపడవద్దని, చెట్టును కుదిపితే పండ్లు రాలతాయని ఆమెకు వినపడుతుంది. ఆమె కుదుపుతుంది. పండ్లు రాలతాయి. తింటుంది.

“పసిబిడ్డ తల్లికి ఆకలైతది గదా,” అని ఉమ్రావ్ బేగం ముగించింది.

కొంతమంది ముసలమ్మలు అవునని తల ఊపారు. అప్పుడు ఇనాయతుల్లా వెనక నుంచి ఒక డబ్బా పట్టుకుని వచ్చాడు. మూత తీసి, వరుసగా అందరి చేతుల్లో ఖర్జూరాలు పెట్టుకుంటూ పోయాడు. పండు నోట్లో ఉండగానే పిల్లలు పాట పాడారు. మాటలు సరిగ్గా వినపడలేదు. ఎవరూ పట్టించుకోలేదు.

పండుగనాడు మమతారాణి వాళ్లింట్లో మధ్యాహ్నం భోజనాలు. ఉమ్రావ్ బేగం కోసమని కోడిని మసీదు సందులో హలాల్ చేయించి మరీ తెచ్చి వండారు. ఉమ్రావ్ బేగం ఒక గిన్నెలో ఖుబానీ మీఠా చేసి పట్టుకెళ్లింది. చెయ్యి ఇంకా బలంగా లేదు కాబట్టి చెంచా ఇనాయతుల్లా తిప్పాడట. ఆ సంగతి ఆయనే అందరికీ చెప్పుకున్నాడు.

ఆ తర్వాత ఆమె మణికట్టు నయమైంది. మునుపటంత కాదు గాని, చాలు. ఎండాకాలంలో ఇఖ్రా వచ్చినప్పుడు తాతే కూర్చోబెట్టి కాగితం తిప్పడం నేర్పించాడు. ఒంటె ఎలా కొయ్యాలో చూపిస్తుంటే ఉమ్రావ్ బేగం పరదా వెనక నుంచి వింటూ ఊరుకుంది.

ఈ ఏడాది నవంబరులో ఫర్హీన్ ఫోన్ చేసింది. సుల్తానాబాద్‌లో వాళ్ల పక్కింటామె ఐలవ్వ వెళ్లే చర్చిలో కూడా అలాంటి ఇల్లే కావాలంటున్నారట. అక్కడ ఉన్నవి వరి పొలాలు, వడ్ల బజారు. బొగ్గు క్వార్టర్లు ఎవరికీ తెలియవు. దంపతులు పది రోజులు వాదించుకుని, చివరికి ఒక రైస్ మిల్లును, దాని పక్కన ధాన్యం కుప్పలకు కావలి పడుకునేవాళ్ల గుడిసెలను కట్టారు. ఈసారి మూపురాల లెక్క ఆమే చూసుకుంది.

మడిచిన మిల్లును దుప్పటిలో చుట్టి, నవంబరు ఆఖర్లో ఒక పొద్దున పెద్దపల్లికి పోయే ప్యాసింజర్ ఎక్కారు. అక్కడి నుంచి సుల్తానాబాద్‌కు బస్సు. బండి మంచిర్యాల దాటేసరికి పెట్టె నిండిపోయింది. ఆ మూట ఏమిటని ఎదుటి సీటు ఆయన అడిగాడు. ఇనాయతుల్లా చెప్పడం మొదలుపెట్టాడు. లై ఎలా ఉడకాలి, పతంగి కాగితం ఎందుకు వాడాలి, కత్తెర ఎలా పట్టుకోవాలి, అన్నీ చెప్పాడు. గోదావరి వంతెన వచ్చింది, పోయింది. ఆయన ఆగలేదు. పక్కన ఒక తల్లి ఒడిలో పసివాడు ఎంతసేపటి నుంచో ఏడుస్తున్నాడు.

ఉమ్రావ్ బేగం దుప్పటి ముడి విప్పింది. ఒకటో తేదీ దాకా ఎవరూ తెరవకూడదని దారంతా భర్తకు చెబుతూ వచ్చింది ఆమే. మిల్లు మడత కొంచెం విప్పి, ఒక మూల కిటికీ రెక్కను వేలితో ఎత్తి, ఆ భాగాన్ని రైలు కిటికీ వెలుగుకు ఆనించి పట్టుకుంది. వెనక నుంచి పొద్దు తగిలి, నీలి కాగితం మీద వడ్లు తింటున్న పిచ్చుక మెరిసింది. పసివాడు ఏడుపు ఆపి చెయ్యి చాచాడు. చుట్టూ ఉన్నవాళ్లు సీట్ల మీద నుంచి ముందుకు వంగారు. ఇంకొకటి చూపించమని ఎవరో అడిగారు. ఇనాయతుల్లా భార్య వైపు చూశాడు. ఆమె ఇంకో రెక్క కూడా ఎత్తింది.